ముసలమ్మ పన్ను

సముద్రం అడుగున ఏముందో చూడాలంటే మునగక్కర్లేదు, నా కుర్చీ వెనకాల నిలబడితే చాలు అనేది జల్లెడ. ఆవిడ అసలు పేరు ఆఫీసు రిజిస్టర్లో ఎక్కడో ఉండే ఉంటుంది, ఎవరికీ దాంతో పనిపడలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ సర్వే ఆఫీసులో ఆవిడ జల్లెడే. ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు, ఆవిడేమో దాన్ని బిరుదులా మోసింది.

పని కూడా జల్లెడ పనే మరి. సర్వే పడవ అడుక్కి సోనార్ బిగించి, పొలం దున్నినట్టు సముద్రం మీద వరసలు వరసలుగా నడుపుతారు. సోనార్ నీళ్ళలోకి చప్పుడు విసురుతుంది. అది అడుగున తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి యంత్రం లోతు లెక్కగట్టి, తెర మీద ఒక చుక్క పెడుతుంది. అలా సెకనుకి వేల చుక్కలు. వాటిలో అబద్ధపు చుక్కలూ ఉంటాయి. చేపల గుంపుకి తగిలి వచ్చినవి, ఇంజను రొదకి పుట్టినవి, నురగకి బెదిరినవి. అబద్ధాల్ని ఏరి పారేస్తే మిగిలేదే సముద్రం నేల. ఆ ఏరివేత జల్లెడది. అనుమానం వచ్చిన చుక్కల చుట్టూ మౌస్‌తో ఓ సున్నా చుట్టి, ఒక మీట నొక్కేది. అంతే, మాయం.

ఆవిడ గది పై అంతస్తులో ఉంది. వెలుగు తెర మీద పడకుండా కిటికీ అద్దాలకి గోధుమరంగు కాగితం అంటించి ఉండేది. రెండు తెరలు, తీగతో కట్టేసిన ఓ ఫ్యాను, చెవి విరిగిన ఓ కప్పు. ఆ కప్పుని ఇంకెవరైనా ముట్టుకుంటే ఆ రోజు వాళ్ళ పని అయిపోయినట్టే.

ఆ ఆఫీసులో ఆవిడకి నచ్చిన మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడు. పడవ నడిపేవాళ్ళు వంకర టింకర వరసలు గీస్తారు. యంత్రాలు చూసేవాళ్ళు నిద్రమొహాలు. ఎవరేం చెప్పినా కళ్ళజోడు మీంచి చూసి, "ఊఁ, చెప్పారూ?" అనేది. ఆ సాగదీతకే సగంమంది చెప్పాల్సింది మింగేసుకుని మెట్లు దిగిపోయేవాళ్ళు. పోనీ ఉత్త పొగరు అనుకుందామా అంటే, పని తెలిసినదాని పొగరు. అదే వచ్చిన చిక్కు. పనిరానివాడి పొగరు ఎవర్నీ ముంచదు, వాణ్ణి ఎవడూ నమ్మడు గనక.

ఇక ఆఫీసు పెద్ద ఉన్నాడు, డైరెక్టరు. ఆవిడ పెట్టిన పేరు రంగుల సారు. అంతకుముందు ఎక్కడో గిడ్డంగులు చూసుకునేవాడట. సముద్రానికీ ఆయనకీ ఉన్న చుట్టరికం ఏమిటంటే, గోడ మీద పటం ఉండటం. పటంలో లోతు ఎక్కువున్న చోట నీలం, తక్కువున్న చోట ఎరుపు వస్తుంది. ఆయన వారానికి రెండుసార్లు పైకొచ్చి, కుర్చీ వెనకాల నిలబడి, "ఎరుపు కాస్త ఎక్కువైనట్టుంది మేడం" అనేవాడు.

"సముద్రంతో చెప్పి చూస్తాను సార్" అనేది జల్లెడ.

ఆయన నవ్వేవాడు. వెక్కిరించారని తెలియాలన్నా కాస్త బుర్ర ఉండాలి కదా!

ఆ ఏడాది పనేమిటంటే, ఊరి రేవు నుంచి ఎదురుగా ఉన్న దీవికి కొత్త దారి. పాత లాంచీలు మధ్యలో ఓ చోట పెద్ద వంపు తిరిగి పోయేవి. ఎందుకు తిరుగుతాయో ఆఫీసులో ఎవరూ అడిగి తెలుసుకోలేదు. ఇప్పుడు మూడొందలమంది పట్టే కొత్త ఓడ వచ్చింది. దాన్ని తిన్నగా నడిపితే ఇరవై నిమిషాలు కలిసొస్తాయి. అందుకని ఆ దారంతా సోనార్‌తో కొలిచి పటం గీయమన్నారు. ఆ ఓడకి సరంగు ఎవరో కాదు, జల్లెడ సొంత తమ్ముడు. ముప్పై ఏళ్ళు పాత లాంచీ నడిపిన చెయ్యి. అంటే అక్క గీసిన గీత మీద తమ్ముడు మూడొందల ప్రాణాలతో నడవాలన్నమాట. ఈ మాట ఇంట్లోవాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు. జల్లెడ కూడా చెప్పుకుంది, ఎందుకు చెప్పుకోదు?

నెల రోజులు చుక్కలు ఏరింది. ఒకరోజు ఎప్పట్లాగే రంగుల సారు వెనక నిలబడి ఉన్నాడు. నలభై ఏడో వరసలో, నీలం మధ్యన, చింపిరి జుట్టులా రేగిన ఎర్ర చుక్కల గుత్తి ఒకటి కనపడింది.

"అయ్యో, అదేంటి మేడం, మొటిమలా?"

"చేపలు సార్." సున్నా చుట్టింది, మీట నొక్కింది.

"అబ్బ! ఇప్పుడెంత బావుందో!"

జల్లెడకి ఒళ్ళు మండింది. ఈయన బావుందనడం కోసం తీసినట్టు మాట్లాడతాడేంటీ అనుకుంది. రాయైతే గట్టిగా, నున్నగా, ఒక్క ముద్దగా కనపడుతుంది. ఇలా పీచుపీచుగా రేగేది చేపల గుంపే. అది ఆవిడ ఇరవై ఆరేళ్ళ అనుభవం చెప్పిన మాట. ఈయనెవరు మధ్యలో, మెచ్చుకోడానికి?

ఆ ఆదివారం తమ్ముడింట్లో భోజనం. తమ్ముడు కొత్త ఓడ తాలూకు తెల్ల చొక్కా వేసుకుని చూపించాడు. భుజాల మీద గీతలున్నాయి. మరదలు మురిసిపోతోంది. భోజనాలయ్యాక తమ్ముడు చేతులు తుడుచుకుంటూ మెల్లిగా కదిపాడు.

"అక్కా, ఆ వంపు దగ్గర పటంలో ఏమైనా కనపడిందా?"

"ఏం కనపడాలి?"

"మా పాత సరంగులు ముసలమ్మ పన్ను అనేవాళ్ళు. ఆటుకి నీళ్ళు బాగా తీసినప్పుడు అక్కడ సుడి తిరుగుతుంది. కింద రాయి ఉందంటారు. అందుకే అందరం చుట్టు తిరిగి పోతాం. నేనెప్పుడూ చూడలేదనుకో..."

జల్లెడ నవ్వింది. మామూలుగా కాదు, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత. "చూడలేదు గానీ ముప్పై ఏళ్ళు చుట్టు తిరిగావా? ఏరా, ఆ ముసలమ్మ పేరేంటి? మిగతా పళ్ళెక్కడ ఊడిపోయాయి? మా ఆఫీసులో పళ్ళ డాక్టరు లేడురా, ఉంటే పంపించేదాన్ని!" అంది. "అడుగు అడుగూ కొలిచాను. ఏడు మీటర్లు, పలకలా ఉంది. ఇంత చొక్కా వేసుకుని ఇంకా తాతల కబుర్లేంట్రా? నలుగురిలో అనకు, నా పరువు పోతుంది."

తమ్ముడు కూడా నవ్వాడు. మెడ వెనక గోక్కుంటూ, "అంతేలే అక్కా" అన్నాడు. మరదలు మాత్రం నవ్వలేదు. గిన్నెలు తీసుకుని లోపలికెళ్ళింది.

తరవాతి వారం కింది అంతస్తు నుంచి డప్పు మాస్టారు వచ్చాడు. మంచి మనిషి, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. ఈయన సోనార్ మనిషి కాదు. పడవ వెనకాల ఓ పెట్టెని తాడు కట్టి ఈడ్చుకుపోతాడు. అది ఆగి ఆగి ధబ్బుమంటూ నీళ్ళని బాదుతుంది. ఆ దెబ్బ నేల లోపలికంటా దిగి, బురద కింద ఇసుక, ఇసుక కింద రాయి, ఏ పొర నుంచి ఆ పొర బదులు తెస్తుంది. భూకంపాల వాళ్ళు వాడే పద్ధతే, చిన్న ఎత్తున. ఆ బదుళ్ళని పొడుగాటి కాగితం మీద నల్లగీతలుగా అచ్చేసుకుని, భూతద్దం పెట్టి చూసుకుంటూ కూర్చుంటాడు. బురదకి డప్పు కొట్టి బతుకుతున్నాడనేది జల్లెడ.

"అమ్మా, ఒక్క నిమిషం చూస్తారా?" అని కాగితం ఆవిడ బల్ల మీద పరిచాడు. అన్నీ పడుకున్న గీతలు. మధ్యలో ఒకచోట మాత్రం విప్పిన గొడుగులా వంపు.

"ఇలా గొడుగొచ్చిందంటే దాని కొన దగ్గర ఏదో గట్టిది నిలబడి ఉన్నట్టు. మీ నలభై ఏడో వరస దగ్గరే వచ్చింది. గొడుగు కింద ఎవరో ఉన్నారమ్మా."

"ఊఁ, చెప్పారూ?" అంది జల్లెడ. "మాస్టారూ, మీ డప్పు పక్కన దారి గుర్తుగా తేలే బోయా గొలుసుకి తగిలినా గొడుగే వస్తుంది. నా దగ్గర జానెడుకో చుక్కుంది, మీ దగ్గర ఓ మసిగీతుంది. ఏది నమ్మాలంటారు?"

"బోయా చాలా దూరం కదమ్మా..."

"మీ పెట్టె కూడా అంత తిన్నగా ఏం పోదులెండి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు! పాపం ఆయన కాగితం చుట్టబోయి, మళ్ళీ ఆగి, "ఉంచుతాను. తీరికున్నప్పుడు చూడండి" అని వెళ్ళిపోయాడు. అది బల్ల మూలన పడి ఉంది. జల్లెడ దాని మీద కప్పు పెట్టుకునేది.

పటం పూర్తయింది. ఒక్క ఎర్రచుక్క లేకుండా కొత్త ఇంటి గోడలా నీలంగా మెరిసిపోయింది. రంగుల సారు సంతకం చేసి, పెద్దది ఒకటి అచ్చు వేయించి, రేవులో అద్దం కట్టించి పెట్టాడు. పైన పటారం లోన లొటారం అంటారే, అలాంటి పటం అది. కాకపోతే అప్పటికి ఆ సంగతి ఒక్క ముసలమ్మకే తెలుసు.

ఓడ మొదటి ప్రయాణం రోజు ఆఫీసంతా రేవుకి పోయింది. రిబ్బను కత్తిరించడం, బ్యాండు మేళం, ఉపన్యాసాలు. రంగుల సారు అతిథులతోపాటు ఓడెక్కాడు. జల్లెడనీ రమ్మన్నారు. "గీసినదాన్ని నేను, మళ్ళీ తొక్కి కూడా చూడాలా?" అని రాలేదు. నిజానికి ఆవిడ ఉపన్యాసాలు భరించలేదు, అంతే.

ఖాళీ ఆఫీసు. పది గంటలకి రేవులో ఓడ కూత వినపడింది. జల్లెడ కప్పు ఎత్తితే డప్పు మాస్టారి కాగితం కనపడింది, గొడుగు చుట్టూ టీ మరక. చూడగానే చిరాకొచ్చింది. ఈ ముసలాయన రిటైరయ్యే రోజు దాకా ఈ గొడుగు పట్టుకుని తిరుగుతాడు, ఇవాళ దీని పని పట్టి, అవి చేపలేనని అచ్చేసి ఆయన బల్ల మీద పెట్టేస్తాను అనుకుంది. తీసేసిన చుక్కలు నిజానికి ఎక్కడికీ పోవు. కంప్యూటరు వాటిని చాటున దాచి ఉంచుతుంది, అడిగితే చూపిస్తుంది. జల్లెడ అడిగింది.

నలభై ఏడో వరసలో చింపిరి జుట్టు ప్రత్యక్షమైంది. "అదిగో, చేపలే" అంది పైకే. సరే, పనిలో పనిగా పక్క వరసలు కూడా తెరిచింది. పక్కపక్క వరసలు అంచుల దగ్గర ఒకదాని మీద ఒకటి పడతాయి, అదే చోటు రెండు మూడుసార్లు కనపడుతుంది. నలభై ఆరులోనూ జుట్టు ఉంది. నలభై ఎనిమిదిలోనూ ఉంది. మూడింటినీ కలిపింది. మూడూ అదే చోట, అదే ఎత్తున, ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టు కూర్చున్నాయి.

తేదీలు చూసింది. మూడు వరసలూ వారం వారం ఎడంతో కొలిచినవి. చేపలు మూడు వారాలు ఒకేచోట కాపురం ఉంటాయా? అద్దెకేమన్నా తీసుకున్నాయా?

వంగి దగ్గరగా చూసింది. జుట్టు మధ్యలో సన్నగా, నిలువుగా, గట్టి చుక్కల స్తంభం ఉంది. పీచుపీచుగా రేగింది చేపలు కాదు, రాయికి పట్టిన నాచు. నీళ్ళు తీసినప్పుడు కొన మూడు మీటర్ల లోతులో ఉంటుంది. కొత్త ఓడ నాలుగు మీటర్లు మునిగి నడుస్తుంది.

ఎవరు తీసేశారన్నది కూడా కంప్యూటరు రాసిపెడుతుంది. మూడుసార్లూ ఆవిడే. మూడోసారి తీసిన తేదీ చూస్తే, తమ్ముడింట్లో పడీపడీ నవ్విన ఆదివారం తరవాత మంగళవారం. తమ్ముడు చెప్పాక కూడా చూసింది, చూసి కూడా తీసేసింది. "మళ్ళీ ఈ చేపలే" అని విసుక్కున్నది కూడా గుర్తొచ్చింది.

గోడ గడియారం పదీ పదిహేను. ఆవేళ నీళ్ళు తీసే వేళ. ఓడ ఆ చోటికి చేరడానికి ఇంకో పది నిమిషాలు.

తమ్ముడికి ఫోను చేసింది. ఓడ నడిపేటప్పుడు ఫోను అరలో పెట్టేస్తాడు, మోగి మోగి ఆగిపోయింది. రంగుల సారుకి చేస్తే ఆయన కట్ చేశాడు. జల్లెడ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. కింద పడవలతో మాట్లాడే వైర్‌లెస్ ఉంది. దాని పక్కనే డప్పు మాస్టారు కూర్చుని తాడుకి టేపు చుట్టుకుంటున్నాడు. ఆయన్ని ఎవరూ ఓడెక్కమనలేదు.

"మాస్టారూ, ఓడని పిలవండి. గొడుగు... గొడుగు కింద రాయుంది."

ఆయన ఒక్క మాట అడగలేదు. మీట తిప్పి, మాట్లాడే గొట్టం ఆవిడ చేతికిచ్చాడు. "అందరూ వినే ఛానలు అమ్మా. అదొక్కటే ఉంది" అన్నాడు.

"ఒరేయ్, నేన్రా! పక్కకి తిప్పు!"

"అక్కా? ఏమైంది?" వెనకాల బ్యాండు మోగుతోంది.

"ముందు రాయుంది. తిప్పెయ్."

"రాయేంటక్కా? పటం నా ముందే ఉంది. ఏడు మీటర్లు చూపిస్తోంది. నీ పటమేగా."

"పటం తప్పురా!"

ఇంతలో ఇంకో గొంతు దూరింది. "ఎవరండీ, మేడమేనా? ఇప్పుడేంటీ గోల, అతిథులున్నారిక్కడ! సరంగుగారూ, మీరు పోనివ్వండి. ఆ పటం మీద నేను సంతకం పెట్టాను."

"అక్కా," అన్నాడు తమ్ముడు, ఇంకా సందేహంగానే, "నువ్వే కదా పలకలా ఉందన్నావు. కొత్తగా ఏమొచ్చింది?"

జల్లెడ నోటిదాకా అబద్ధాలు వరసకట్టి వచ్చాయి. సోనార్ పాడైందనొచ్చు. పడవ వాళ్ళు సరిగ్గా నడపలేదనొచ్చు. ఇప్పుడే ఎవరో కబురు చేశారనొచ్చు. ఏది చెప్పినా రంగుల సారు తరవాత చూద్దాం అంటాడు. ఆ గీత గీసిన చేతి మీద నమ్మకంతో తమ్ముడు తిన్నగా పోతూనే ఉంటాడు. ఆ నమ్మకాన్ని విరిచేస్తే తప్ప ఓడ తిరగదు.

"ముసలమ్మ పన్ను ఉందిరా" అంది. "నువ్వు చెప్పిన చోటే ఉంది. సోనార్ మూడుసార్లు చూపించింది. మూడుసార్లూ చేపలనుకుని నేనే తీసేశాను. ఎవరూ తీయమనలేదు. నా చేత్తో నేనే తీశాను. నేను గీసింది తప్పు. తిప్పరా నాయనా, తిప్పు!"

వైర్‌లెస్ గరగరలాడింది. డప్పు మాస్టారు టేపు చుట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఓడలో ఏదో బల్ల పడ్డ చప్పుడు, ఎవరో ఆడమనిషి కేక, బ్యాండు తడబడి ఆగిపోవడం వినపడ్డాయి.

"ఎడమకి తిప్పేశా" అన్నాడు తమ్ముడు చివరికి. "సుడి కనపడుతోందక్కా. కుడిపక్కన పోతోంది" అన్నాడు.

జల్లెడ గొట్టం బల్ల మీద పెట్టింది. ఆ ఛానల్లో చుట్టుపక్కల చేపల పడవలన్నీ వింటూనే ఉన్నాయి. వాటిలో ఎవరో గొంతు సవరించుకున్నాడు. "ఆ పన్ను సంగతి మా చిన్నపిల్లల్ని అడిగినా చెప్పేవాళ్ళు కదమ్మా! అంత పెద్ద మిషను పెట్టి చూశారా?" అన్నాడు. ఇంకో పడవవాడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు జల్లెడకి బాగా తెలిసిన నవ్వే, ఇన్నాళ్ళూ ఆవిడదే. మాస్టారు చెయ్యి చాపి మీట కట్టేశాడు.

మధ్యాహ్నం రంగుల సారు వచ్చాడు, చొక్కా మీద ఏదో పానకం ఒలికిన మరకతో. ఓడ ఒక్కసారిగా తిరిగేసరికి అతిథుల మీద గ్లాసులు పడ్డాయట. పరువు పోయిందన్నాడు, సంజాయిషీ రాసివ్వమన్నాడు. జల్లెడ రాసిచ్చింది, రెండే వాక్యాలు. ఆయన చదివి, కాస్త తటపటాయించి, "పటంలో ఇప్పుడు ఎర్రచుక్క పెట్టాల్సిందేనంటారా?" అని అడిగాడు. ఇంకో రోజైతే ఆ మాటని వెక్కిరిస్తూ ఆవిడ నెలరోజులు బతికేది. "పెట్టాలి సార్" అంది, అంతే.

సాయంత్రం తమ్ముడు పై గదికి వచ్చాడు. ఈ గదికి రావడం అదే మొదటిసారి. తెల్ల చొక్కా చంకల దగ్గర తడిసి ఉంది. తెర మీద మూడు రంగుల్లో నిలబడ్డ రాయిని చాలాసేపు చూశాడు.

"ఇంత సన్నగా ఉంటుందా! నేను పెద్దదేమో అనుకున్నా" అన్నాడు.

జల్లెడ తల ఎత్తలేదు. చెవి విరిగిన కప్పులో టీ పోసి వాడి ముందు పెట్టింది. ఆ కప్పు ఇంకొకరికి ఇవ్వడం ఎవరూ చూసి ఎరగరు. అయినా బుద్ధి పోనిచ్చుకోలేదు చూడండి, వాడినే అడిగింది.

"ముప్పై ఏళ్ళు చుట్టు తిరిగినవాడివి. మూడొందలమందిని ఎక్కించుకుని తిన్నగా ఎలా పోయావురా? బయల్దేరే ముందు నన్ను ఇంకొక్కసారి అడగొచ్చు కదా?"

వాడు కప్పు చేతిలోకి తీసుకున్నాడు. కోపంగా కూడా అనలేదు.

"అడిగాను కదక్కా. నువ్వు నవ్వావు."